మూతిమాట

మా ఆయన చెవిటివాడు కాదు, మగ్గాలవాడు. తేడా ఏమిటంటే, చెవిటివాడికి ఎక్కడా వినపడదు. మగ్గాలవాడికి ఇంట్లో వినపడదు గానీ షెడ్డులో అన్నీ వినపడతాయి. నేనూ ఆ షెడ్డులోనే పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. వరసలు వరసలుగా మరమగ్గాలు ఆడుతుంటే, పక్కమనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా ఒక్క ముక్క అర్థం కాదు. అందుకని అక్కడ ఎవరూ అరవరు. గొంతు లేకుండా, పెదవులు బాగా విప్పి, సాగదీసి మాట్లాడతారు. దాన్ని మేం మూతిమాట అంటాం. కొత్తగా చేరినవాళ్ళకి మగ్గం తొందరగానే పట్టుబడుతుంది. మూతిమాట పట్టుబడటానికే ఆలస్యం.

మా ఆయన్ని షెడ్డులో రేడియో అంటారు. నోట్లో నువ్వుగింజ నానదు. పడుగు పోగు తెగితే ముడివేస్తూ కూడా మాట్లాడతాడు. ఎవరింట్లో ఎవరు అలిగారో, మేస్త్రి కొత్త చెప్పులు ఎందుకు కరుస్తున్నాయో, అన్నీ ఆయన మూతి మీదే ప్రసారమయ్యేవి. చెవులు పాడైపోయాయని డాక్టరు చెప్పినప్పుడు కూడా పెద్దగా పట్టించుకోలేదు. వాటితో పనేముంది అన్నాడు.

మూతిమాటలో ఒక తంటా ఉంది. ప, బ, మ మూడింటికీ పెదవులు ఒక్కలాగే మూతపడతాయి. పాట అన్నా, బాట అన్నా, మాట అన్నా ఎదుటివాళ్ళకి కనిపించేది ఒకటే. అందుకని చేతిసాయం ఉంది. చెవి దగ్గర చెయ్యి పెడితే పాట. నేలవైపు చూపితే బాట. చెయ్యి ఊరికే ఉంటే మాట. త, ధ కూడా అంతే, అందుకే పాత, బాధ ఒకటే. చేతిని భుజం మీంచి వెనక్కి విసిరితే పాత. గుండె మీద పెట్టుకుంటే బాధ. ఈ గుర్తులు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. నేను చేరేసరికే ఉన్నాయి.

నేను చేరిన కొత్తలో నా మగ్గం బెల్టు జారిపోతుంటే, రెండు వరసల అవతల నుంచి ఈయన "ఏమైంది?" అన్నాడు. "పాత" అన్నాను, బెల్టు పాతదని. రెండు చేతులూ బెల్టు మీదే ఉన్నాయి, వెనక్కి విసరడానికి ఖాళీ లేదు. ఆయన బాధ అని చదివాడు. తన మగ్గాన్ని ఆడుతున్నది ఆడుతున్నట్టే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. వచ్చి, నా మొహం చూసి, బెల్టు చూసి, మళ్ళీ నా మొహం చూశాడు. ఈలోపు అక్కడ ఆయన మగ్గంలో పోగులు తెగి గుడ్డంతా గుల్లయింది. మేస్త్రి ఇద్దర్నీ కలిపి తిట్టాడు. తిట్టింది మూతిమాటలోనే కాబట్టి షెడ్డంతా చదివింది. సాయంత్రానికల్లా మా ఇద్దరికీ పాత-బాధ అని పేరు పడింది. పెళ్ళయ్యాక కూడా ఆ పేరు పోలేదు.

తర్వాత ఆ జబ్బు వచ్చింది. దాని వెనకే మాస్కులొచ్చాయి. ఊళ్ళో అందరికీ మాస్కు ముక్కుకి అడ్డం, మా షెడ్డుకి భాషకే అడ్డం. కొన్నాళ్ళే అన్నారు. ఏకై వచ్చి మేకై కూర్చుంది. రేడియోకి స్టేషను దొరకలేదు. పొద్దున వెళ్ళినవాడు సాయంత్రం దాకా ఎవరితోనూ ఒక్క మాట లేకుండా ఇంటికొచ్చేవాడు. చేతిసైగలు ఉన్నాయి కదా అంటారు. సైగలతో 'ఆపు' చెప్పొచ్చు, 'కండెలో నూలు అయిపోయింది' చెప్పొచ్చు, 'మేస్త్రి వస్తున్నాడు' చెప్పొచ్చు. జోకు చెప్పలేం. మేనేజరు గది గోడ అద్దంది. లోపల కూర్చుని ఆయన ఫోనులో మాట్లాడేదంతా ఏళ్ళ తరబడి షెడ్డు మొత్తం చదివేది, ఆయనకి ఈనాటికీ తెలియదు. మాస్కు రావడంతో ఆ సినిమా కూడా ఆగిపోయింది.

ఇక నా సంగతి. జబ్బు రాకముందే నా కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. మా చెల్లెలు ఒకటిచ్చింది. ఇచ్చిన దగ్గర్నుంచీ "నా కిడ్నీతో బతుకుతూ నన్నే తిడతావా" అని ప్రతి పోట్లాటలోనూ తనే గెలుస్తోంది. ఆ కిడ్నీని నా ఒళ్ళు పరాయిదని తోసెయ్యకుండా రోజూ మందులు మింగాలి. ఆ మందులు ఒంటిని మొద్దు చేస్తాయి. టీకా వచ్చి జబ్బు ఇలా ఉంటుంది, ఇలా తరమాలి అని పాఠం చెబితే, నా ఒంటికి చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. వేయించుకోవలసిన డోసులన్నీ వేయించుకున్నాను. "పట్టిందో లేదో గట్టిగా చెప్పలేం. పట్టలేదనే అనుకుని మసులుకోండి" అంది డాక్టరమ్మ. అలాగే మసులుకుంటున్నాను. షెడ్డు మానేసి, నేతలో పడిన తప్పుల్ని సూదితో సరిచేసే పని ఇంటికి తెచ్చుకున్నాను.

మా ఇల్లు మూడో అంతస్తులో. ముందుగదికి ఆనుకుని చిన్న బాల్కనీ, మధ్యలో అద్దం తలుపు. ఆయన పని నుంచి వచ్చి, మెట్ల కింద మాస్కు మార్చుకుని, స్నానం చేసి, పళ్ళెం పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుంటాడు. నేను ఇవతల బల్ల దగ్గర కూర్చుంటాను. అప్పుడు ఇద్దరం మాస్కులు తీస్తాం. వేరే మొగుడూ పెళ్ళాలైతే అద్దానికి చెరోవైపు కూర్చుని చేపల్లా నోరు తెరిచి చూసుకోవాలి. మాకా ఇబ్బంది లేదు. ఫోనులో రాసుకోవచ్చుగా అంది చెల్లెలు. రాసుకోవచ్చు, కానీ తిట్టాలంటే మొహం కావాలి. రోజంతటిలో మేం మాట్లాడుకునేది ఆ కాసేపే. చలి రోజుల్లో ఆయన కోటు తొడుక్కుని, టోపీ పెట్టుకుని తింటూ మాట్లాడేవాడు. తనకేం కష్టంగా ఉన్నట్టు కనపడేవాడు కాదు. నాకే ఒక్కోసారి ఆ టోపీ చూస్తే జాలేసేది.

షెడ్డులో అందరికీ టీకాలయ్యాయి. అయినట్టు గేటు దగ్గర మేనేజరు బోర్డు కూడా పెట్టించాడు. సర్కారు మాస్కు రూలు ఎత్తేసి, ఎవరి పనిచోటు సంగతి వాళ్ళు తేల్చుకోండి అంది. మా మేనేజరు తేల్చలేదు. తేల్చకుండా ఉండటంలో ఆయన్ని మించినవాడు లేడు. బస్సుల్లో తీశారు, కొట్లలో తీశారు, మా షెడ్డులో మాత్రం అలాగే ఉండిపోయాయి. ఎవరూ పైకి అనలేదు గానీ, రేడియో పెళ్ళాం కోసమే అందరూ ఓపిక పడుతున్నారని నాకు తెలుసు. తెలిసీ తెలియనట్టే ఉన్నాను.

అప్పుడు మా వదిన చెయ్యి మగ్గంలో పడింది.

వదిన అంటే మా ఆయన అక్క. ఆయన పక్క మగ్గం ఆవిడది, కానీ చెవులు ఇంకా పూర్తిగా పోలేదు, ఎదురుగా నిలబడి గట్టిగా అంటే వినపడుతుంది. ఆడపడుచు అర్ధమొగుడంటారు. మా వదిన ముప్పాతిక. ప్రమాదం సంగతి ఆ సాయంత్రమే ఆయన అద్దం అవతల నుంచి చెప్పాడు. "అక్క వేళ్ళు నలిగాయి" అన్నాడు. ఎలా అంటే, "మగ్గం కదా" అన్నాడు. రేడియో అంత చిన్న వార్త చదవడం నేనెప్పుడూ చూడలేదు.

కొన్నాళ్ళకి వదినే వచ్చింది. లోపలికి రాలేదు. మాస్కు పెట్టుకుని, కట్టు కట్టిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని మెట్ల మలుపులో నిలబడింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. కుర్చీ వేస్తానంటే వద్దంది.

"నీ మొహం మీద చెప్పి చేద్దామని వచ్చా," అంది. "షెడ్డులో మాస్కులు తీయించమని మేనేజర్ని అడుగుతున్నా. అందరి చేతా చేతులెత్తించమంటా."

"అలాగా," అన్నాను.

"అలాగా కాదు, విను. చొక్కా చెయ్యి బెల్టులోకి పోతోంది. నేను చూసుకోలేదు. పక్కనుంచి అరుస్తున్నాడు. మాస్కు కదులుతోంది, అంతే నాకు కనపడేది. జోకేమో అనుకున్నా. ఎన్నాళ్ళయింది వాడు జోకు చెప్పి. నవ్వానే. చెయ్యి లోపలికి పోతుంటే వాడికేసి చూసి నవ్వుతున్నా నేను."

"అరిచిందెవరు?"

"ఇంకెవరు, నీ మొగుడే. చెప్పలేదా?"

చెప్పలేదు.

"వాడే వచ్చి స్విచ్చి కట్టేశాడు. లేకపోతే మోచేతి దాకా పోయేది. ఇప్పుడు ఉంగరపు వేలి కొస ఒక్కటే లేదు."

"చేత్తో సైగ చెయ్యొచ్చు కదా," అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"రెండు చేతుల నిండా కండెలున్నాయి వాడికి. కింద పారేసి సైగ చేసేలోపు ఏం జరగాలో అది జరిగింది. నువ్వూ మగ్గం దగ్గర నిలబడ్డదానివే, నీకు చెప్పాలా?"

నాకు చెప్పక్కర్లేదు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికీ తెలియదు. అయినా ఊరుకోలేదు.

"మరి నా మాటేమిటి వదినా?"

"అదే అడగడానికొచ్చా. షెడ్డులో టీకా వేసుకోనివాడు లేడు. బస్సులో నీ మొగుడి పక్కన కూర్చునేవాడు మాస్కు పెట్టుకోడు. కింద కొట్టువాడు పెట్టుకోడు. మేం మాత్రం పెట్టుకుంటే నీకు ఎంత మేలు? దెప్పడం లేదు, నిజంగానే అడుగుతున్నా. ఇంత అని చెప్పు, నోరు మూసుకుని పోతా."

ఎంతో నాకూ తెలియదు. డాక్టరమ్మని అడిగితే కొంత ఉంటుంది అంది. నేనూ అదే చెప్పాను. "కొంత."

"ఆ కొంత కోసం మా చేతులు పెట్టమంటావా?"

"బస్సులోవాడు కాసేపు కూర్చుని దిగిపోతాడు. మీరు పొద్దంతా ఆయన పక్కనే ఉంటారు. ఆయన అక్కణ్ణుంచి నేరుగా నా దగ్గరికే వస్తాడు."

"టీకా వేసుకుంది ఎందుకే మరి? మళ్ళీ మనుషుల్లా మసలడానికే కదా."

"మీకు పట్టింది, నాకు పట్టలేదు. అది నా తప్పు కాదు."

"నా తప్పూ కాదు," అంది వదిన.

ఆవిడ రెండు మెట్లు దిగి, ఆగి, "మందులు వేళకి వేసుకుంటున్నావా?" అంది. వేసుకుంటున్నానన్నాను. "వేసుకో," అని దిగిపోయింది.

మాటకి మాట అప్పజెప్పాను గానీ లోపల అంత ధైర్యంగా లేను. నేనే షెడ్డులో ఉండి, ఇంకెవరి పెళ్ళానికో కిడ్నీ మార్పిడి అయ్యుంటే ఏం చేసేదాన్ని? మాస్కు పెట్టుకుని నోరు కట్టుకుని ఉండేదాన్నా? ఏమో. కానీ ఆ కిడ్నీ నాది, అంటే మా చెల్లెలిది, ఉన్నది నా ఒంట్లో. అంత ధర్మంగా ఆలోచించే తీరిక నాకు లేదు. నేను చచ్చిపోతానేమోనని భయంగా ఉంది. భయపడే మనిషిని న్యాయం చెప్పమంటే ఏం చెబుతుంది?

ఆ సాయంత్రం అద్దం ఇవతల కూర్చుని ఆయన్ని సూటిగా అడిగాను. "నువ్వు దేనికి ఎత్తుతావ్?"

పళ్ళెంలోకి చూస్తూ తింటున్నాడు. అద్దం మీద తట్టాను. తలెత్తాడు. మళ్ళీ అడిగాను. నీళ్ళు తాగుతున్నట్టు గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మూతిమాటలో చూపు తిప్పుకోవడమంటే చెవులు మూసుకోవడమే. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాకు చెవులు మూసుకోవడం అదే మొదటిసారి.

చేతులెత్తే రోజు నేనూ వెళ్ళాను. నాకు ఎత్తే హక్కు లేదు గానీ చూసే హక్కు ఎవరూ తీసెయ్యలేదు కదా. మధ్యాహ్నం మగ్గాలు ఆపి అందర్నీ షెడ్డు ముందు ఆవరణలోకి పిలిచారు. నేను ఇనప గేటు బయట, గోడ నీడలో నిలబడ్డాను. లోపల ఎవరూ నన్ను చూడలేదు.

మేనేజరు మాస్కు మీదే మైకు పెట్టుకుని మాట్లాడాడు. మైకు కూసింది. సగంమందికి ఎలాగూ వినపడదు, మిగతా సగానికి ఆ గుడ్డలోంచి వచ్చింది అర్థం కాలేదు. దేనికి ఎత్తాలో తెలియక ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చూసుకోవడానికి మొహాలు లేవు, కళ్ళున్నాయంతే. చివరికి వదిన ఒక పెట్టె ఎక్కి, మాస్కు గడ్డం కిందికి లాగి, మేనేజరు చెప్పింది మూతిమాటలో తిరిగి చెప్పడం మొదలుపెట్టింది.

మేనేజరు కంగారుపడ్డాడు. "మాస్కు పెట్టుకోండమ్మా. ఇంకా తేలలేదు."

"పెట్టుకుంటే, తేలాల్సిందేమిటో వీళ్ళకెలా తెలుస్తుంది సార్?"

మేనేజరు మైకు కిందికి దించాడు. అసలు సభ అక్కడే ముగిసిందని నాకనిపించింది. అయినా పద్ధతి ప్రకారం అడిగారు. మాస్కులు ఉండాలనేవాళ్ళు ఎత్తండి అంటే అక్కడక్కడా చేతులు లేచాయి. వాళ్ళెవరో, ఎవరింట్లో ఎవరున్నారో నాకు తెలుసు. వాటిల్లో మా ఆయన చెయ్యి లేదు. తీసెయ్యాలనేవాళ్ళు అన్నప్పుడు ముందు వదిన కట్టు కట్టిన చెయ్యి లేచింది. తర్వాత మిగతావాళ్ళవి లేచాయి. మా ఆయన చెయ్యి మెల్లగా లేచింది. కానీ లేచింది.

నా కడుపు మండిపోయింది. కంచే చేను మేసిందనుకున్నాను. ఆ చెయ్యి లేవకపోయినా తీసెయ్యాలనేవాళ్ళే నెగ్గేవాళ్ళు. అవసరం లేని చోట ఎత్తాడే అని ఇంకా మండింది. అక్కడికక్కడే మాస్కులు దిగాయి. నవ్వులు, మూతులు, కొందరికి కొత్తగా మీసాలు కూడా. గేటుకి దగ్గరగా నిలబడ్డ ఇద్దరు మూతిమాటలో మాట్లాడుకుంటున్నారు. "రేడియోనే ఎత్తాడు చూశావా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అని ఒకడు రెండోవాడితో అన్నాడు. అంతకాలానికి మా ఇంటివాళ్ళవి కాని పెదవుల మీద నేను చదివిన మొదటి మాట అది. ఇంటికొచ్చేశాను.

ఆ సాయంత్రం బల్ల దగ్గర మాస్కు పెట్టుకునే కూర్చున్నాను. ఆయన అద్దం అవతల కూర్చుని, తన మాస్కు తీసి, ఏదో చెప్పబోయాడు. నేను తల దించుకున్నాను. తట్టాడు. లేచి వెనకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. మర్నాడూ అంతే. ఆ వారమంతా మా ఇంట్లో పళ్ళేల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

మళ్ళీ వదినే వచ్చింది. మాస్కు లేకుండా మెట్లెక్కుతూ వచ్చి, నన్ను చూడగానే జేబులోంచి తీసి పెట్టుకుంది.

"ఎందుకులెండి, తీసేశారుగా," అన్నాను.

"అది షెడ్డు. ఇది నీ ఇల్లు," అంది. మలుపులో పాత చోటే నిలబడింది. "నీ మొగుడు చేస్తున్నది నీకు తెలుసా?"

"చేసింది కళ్ళారా చూశా."

"ఏం చూశావ్? చెయ్యి చూశావ్. మూతి చూశావా? వాడు మాస్కు తీయలేదే. అందరివీ తీయించి, తను మాత్రం ఆ గట్టిది, బుగ్గల మీద గాట్లు పడేది, అది బిగించుకుని నిలబడుతున్నాడు. మేం మాట్లాడుకుంటుంటే అందర్నీ చదువుతాడు, కళ్ళు మాత్రం నవ్వుతుంటాయి. తిరిగి ఒక్క మాటుండదు. కాసేపు తీయరా, గొంతు ఎండిపోతుంది అన్నా. తల అడ్డంగా ఊపాడు. తిండి కూడా బయట గోడ దగ్గర ఒక్కడే తింటున్నాడు."



"మూగ రేడియో అంటున్నారు వాణ్ణి," అంది వదిన. చెప్పాల్సింది అయిపోయినట్టు కట్టు సర్దుకుంది. మాస్కు మీద కళ్ళు తడిగా ఉన్నాయి. అప్పుడు నాకు ఆవిడ మీద కోపం లేదు. ఎవరి మీద ఉందో కూడా తెలియలేదు.

ఆ సాయంత్రం నేను మాస్కు తీసి కూర్చున్నాను. ఆయన చూశాడు. పళ్ళెం పక్కన పెట్టి మొదలుపెట్టాడు. ఇక ఆగలేదు. మేస్త్రి కూతురికి కవలలు పుట్టారట. మేనేజరు అద్దం గదిలో కూర్చుని ఎవరినో బుజ్జీ అని పిలుస్తున్నాడట, ఫోను చేసేది మాత్రం పెళ్ళానికి కాదట. అదెలా తెలుసంటే, పెళ్ళాం అదే సమయానికి గేటు దగ్గర నిలబడి ఉందట. ఇన్నాళ్ళూ పోగుపడ్డదంతా ఒకేసారి వచ్చింది. పగలంతా షెడ్డులో చదివినది, అక్కడ తిరిగి అనలేనిది, అంతా నా ఒక్కదానికే చెబుతున్నాడు. నేను నవ్వాను. నవ్వుతూనే అడిగాను.

"ఎందుకెత్తావ్?"

ఈసారి చూపు తిప్పుకోలేదు. "అక్క నవ్వింది," అన్నాడు. "నేను అరుస్తుంటే నవ్వింది."

ఆగాడు. మళ్ళీ అన్నాడు. "వాళ్ళ చేతులు నేనెలా అడగను? నా నోరైతే నాది. అది నీకిచ్చా."

"ముందే చెప్పొచ్చుగా."

"చెబితే వద్దనేదానివి."

అనేదాన్నే. ఆయన నోరు కట్టుకుంటే నాకు రావలసిన కొంత వస్తుందా, అందులో కొంత మాత్రమే వస్తుందా అని లెక్క అడిగేదాన్ని. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా పూర్తిగా పోలేదు. అద్దం అవతల టోపీ పెట్టుకుని కూర్చున్న ఆ మనిషి మీద నాకు ఎంత ప్రేమ ఉందో అప్పుడు తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదు.

తర్వాత చలి ముదిరాక షెడ్డులో జబ్బు ఒక విడత తిరిగింది. ఒకరి తర్వాత ఒకరు పడుకున్నారు, లేచారు. ఎవరూ ఆసుపత్రి దాకా వెళ్ళలేదు. వదిన కూడా జ్వరంతో పడుకుని, నోరు చేదుగా ఉందని ఇంట్లో అందర్నీ తిట్టి, లేచి పనికి వెళ్ళింది. టీకా చేయవలసిన పని టీకా చేసింది. ఆ మాట నేనూ ఒప్పుకోవాలి. మగ్గాల దగ్గర మళ్ళీ ఎవరి చెయ్యీ నలగలేదు, అదీ ఒప్పుకోవాలి.

ఒక సాయంత్రం ఆయన పైకి రాలేదు. రోజూ మెట్ల కింద నిలబడి, ముక్కులో పుల్ల పెట్టుకుని పరీక్ష చేసుకుని, జబ్బు లేదని ఒక్క గీతే వచ్చాకే మెట్లెక్కేవాడు. ఆ రోజు ఫోనుకి మెసేజీ వచ్చింది. రెండు గీతలు. అక్క ఇంటికి పోతున్నా. కిటికీ దగ్గరికి రా.

అంత గట్టి మాస్కు ఎక్కడ వదులైందో ఎవరు చెప్పగలరు? షెడ్డులో కావచ్చు, బస్సులో కావచ్చు. ఈలోపు వదిన ఫోను చేసి, అందులో నా మాట తనకి వినపడకపోయినా, తను చెప్పాల్సింది గట్టిగా అరిచి చెప్పేసింది. "వాణ్ణి నా దగ్గర ఉంచుకుంటా. నాకు వచ్చి పోయింది. నువ్వు తలుపు తీయకు. నువ్వు పరీక్ష చేసుకున్నావా? వేళకి మందులు వేసుకో." నేను చేసుకున్నాను. ఒక్క గీతే. అది ఇవాళ్టి మాట. రేపు ఎన్ని గీతలొస్తాయో రేపే తెలుస్తుంది.

కిటికీ రెక్క మూసే ఉంచి, అద్దం దగ్గర నిలబడ్డాను. ఇంకా వెలుతురుంది. ఆయన రోడ్డు అవతల పేవ్‌మెంటు మీద నిలబడి ఉన్నాడు, చేతిలో సంచీ, తలకి ఆ టోపీ. అటూ ఇటూ చూసి, దగ్గర్లో ఎవరూ లేరని మాస్కు కిందికి లాగాడు. మూడంతస్తుల కింద నుంచి కూడా ఆ మూతి నాకు శుభ్రంగా కనిపించింది.

"నీకు?" అన్నాడు.

ఒక వేలు చూపించాను. తల పైకెత్తి గట్టిగా ఊపిరి వదిలాడు. తనకేం లేదట, గొంతు గరగర అంతేనట. అక్క పెట్టే తిండి తినాలి కదా, అసలు రోగం అక్కడుంది అన్నాడు. నేను నవ్వలేదు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"బాధ," అన్నాను.

రెండు చేతులూ కిటికీ చట్రం మీద ఉన్నాయి. వాటిని ఎత్తలేదు. గుండె మీద పెట్టుకుంటే ఆయన రోడ్డు దాటి, మూడంతస్తులూ ఎక్కి పరిగెత్తుకొచ్చేస్తాడు. ఆ మనిషి సంగతి నాకు తెలుసు. చట్రాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

ఆయన నా పెదవులు చదివాడు. తర్వాత నా చేతులకేసి చూశాడు. చాలాసేపు చూశాడు, అవి ఎటు కదులుతాయా అని. కదలలేదు.

అప్పుడు సంచీ ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చేతిని తనే భుజం మీంచి వెనక్కి విసిరాడు.

"పాతేగా," అన్నాడు. మాస్కు పైకి లాక్కుని, అక్క ఇంటివైపు నడిచాడు.